జీవితము ప్రకృతి, జీతము వికృతి

తెలుగు వాచకాల చివర ప్రకృతి వికృతుల పట్టిక ఒకటి ఉంటుంది. విద్య ప్రకృతి, విద్దె వికృతి. రాత్రి ప్రకృతి, రాతిరి వికృతి అని పిల్లల చేత వల్లె వేయించడం తెలుగు పండితులకు నిత్యకృత్యం. ఆ పట్టికలోనిదే 'జీవితము - జీతము' అన్న జంట. సంస్కృతంలోని జీవితమే జనుల నోట నలిగి నలిగి తెలుగులో జీతమయింది. వికృతి అంటే వికారమైనదని ఇక్కడ అర్థం కాదు, మార్పు చెందినదని మాత్రమే. బ్రతకడానికి ఇచ్చేది గనుక దానికి బ్రతుకు పేరే పెట్టుకున్నారు మన పూర్వులు. ఒకరి జీతం మాట ఎత్తితే వారి జీవితం మాట ఎత్తినట్లే.

ప్రకృతి అన్న మాటకు లోకంలో మరొక అర్థమూ ఉన్నది. అడవి, ఏరు, కడలి, వాటిని ఆశ్రయించిన సకల ప్రాణులు. ఆ ప్రకృతిని కాపాడడానికి వెలసిన స్వచ్ఛంద సంస్థలలో నెలనెలా జీతానికి పనిచేసేవారిని గురించి నాలుగు మాటలు వ్రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. పులులను గురించి, చెరువులను గురించి, సముద్రపు తాబేళ్ళను గురించి పత్రికలలో తరచు చదువుతుంటాము. వాటిని కాపాడేవారిని గురించి చదివినప్పుడు వారి త్యాగాన్ని గురించే చదువుతాము. వారి ఇంటి అద్దెను గురించి, పిల్లల బడి రుసుమును గురించి ఎవరూ వ్రాయరు. వ్రాస్తే ఆ కథ శోభ తగ్గిపోతుందని భయం కాబోలు.

నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి శ్రీకాకుళం జిల్లా తీరగ్రామం వాడు. జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకొని 2013లో ఒక పర్యావరణ సంస్థలో చేరాడు. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అటువంటివి దేశంలో ఎన్నో ఉన్నాయి, దీనిని ఒక్కదానినే వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లను సంరక్షించడం అక్కడ అతని పని. 2022లో ఆ పని మానివేసి, రొయ్యలను శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక కర్మాగారంలో నాణ్యత పరిశీలకుడిగా చేరాడు. "తాబేళ్ళను వదిలి రొయ్యలను పట్టుకున్నాడు" అని ఊళ్ళో హాస్యమాడారట. నాకు నవ్వు రాలేదు.

అతని పని ఎటువంటిదో ముందు చెప్పాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒరిస్సాలోని గహీర్మఠ, ఋషికుల్య తీరాలకు వేల సంఖ్యలో ఒక్కసారిగా వచ్చి గుడ్లు పెడతాయి. మన తీరానికి అట్లా గుంపులుగా రావు. శీతకాలం మొదలు వేసవి దాకా, ఒక రాత్రి ఇక్కడ ఒకటి, మరొక రాత్రి అక్కడ ఒకటిగా వస్తాయి. అందుచేత ప్రతి రాత్రీ మైళ్ళకొద్దీ ఇసుకలో నడచి వెదకవలసి ఉంటుంది. తాబేలు వచ్చిపోయిన జాడను బట్టి అది గుడ్లు పెట్టినదా, పెట్టకుండానే మరలిపోయినదా పోల్చుకోవాలి. చేతికర్రతో ఇసుకను మెల్లగా గుచ్చి, మెత్తగా దిగిన చోట గూడు ఉన్నదని తెలుసుకోవాలి. ఒక గూటిలో సుమారు నూరు గుడ్లు ఉంటాయి. కుక్కలు, నక్కలు, మనుషులు వాటి జోలికి పోకముందే తీసి, కంచె వేసిన సంరక్షణ కేంద్రానికి చేర్చి, తల్లి తవ్వినంత లోతున, అంటే సుమారు అడుగున్నర లోతున, తిరిగి పూడ్చాలి. పెట్టిన కొద్ది గంటలలోనే ఈ పని ముగియాలి. ఆలస్యమయిన తరువాత గుడ్డు కదిలినా తిరగబడినా లోపలి పిండం చచ్చిపోతుంది.

పూడ్చినంతమాత్రాన పని పూర్తి కాదు. నలభై అయిదు నుండి అరవై రోజుల వరకు ఆ గూళ్ళను కనిపెట్టుకొని ఉండాలి. ఇసుక వేడిని బట్టి పుట్టే పిల్ల ఆడో మగో నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. మరీ పెరిగితే ఏదీ మిగలదు. కనుక నీడ ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో తెలియాలి. పిల్లలు వెలుగు ఉన్న దిక్కుకు ప్రాకుతాయి గనుక, ఊరి దీపాలను చూసి దారి తప్పకుండా కడలిలోకి చేర్చాలి. ఇదంతా పుస్తకంలో చదివితే వచ్చే విద్య కాదు. నాలుగైదు ఋతువులు కాళ్ళతో నేర్చుకోవలసిన విద్య. తొమ్మిదేళ్ళు నేర్చినవాడు వెళ్ళిపోతే, వానితో పాటు ఆ తీరపు జ్ఞానం కొంత వెళ్ళిపోతుంది. కొత్తగా వచ్చినవాడు నేర్చుకొనేదాకా తప్పిపోయే గూళ్ళు ఎన్నో!

ఇంతటి పనికి తొమ్మిదవ ఏట అతనికి ముట్టినది నెలకు 16,000 రూపాయలు. దానిని జీతమనేవారు కారు, 'గౌరవ వేతనం' అనేవారు. ఏటేటా పదకొండు నెలలకు ఒప్పంద పత్రం వ్రాయించుకొనేవారు. పన్నెండవ నెలలో కూడా పని ఉండేది, పైకం ఉండేది కాదు. గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చినది. దాని ప్రకారం ఆ రోజులలో అయిదేళ్ళ ఎడతెగని సేవ ఉంటేనే గ్రాట్యుటీ. నడుమ నెల తెంచితే ఎడతెగని సేవ ఎక్కడిదని వాదించడానికి వీలు చిక్కుతుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి, కాలపరిమితి ఒప్పందం మీద పనిచేసేవారికి ఒక్క ఏడాది సేవకే గ్రాట్యుటీ ఇమ్మంటున్నది. మంచిదే. కాని పదకొండు నెలలంటే ఏడాదికి సరిగ్గా ఒక నెల తక్కువ. ఆ అంకెను ఎంచుకొన్నవారికి గణితం బాగా వచ్చునని ఒప్పుకోక తప్పదు.

పెళ్ళయి బిడ్డ పుట్టిన తరువాత అతడు సంస్థ పెద్దలను భవిష్యనిధి మాట అడిగాడట. అందుకు వచ్చిన జవాబును అతడు నాకు యథాతథంగా చెప్పాడు. "ఇది ఉద్యోగం కాదు బాబూ, ఉద్యమం" అన్నారట.

మాటలతోనే బ్రతికినవాడిని గనుక ఈ జవాబు దగ్గర కొంతసేపు ఆగిపోయాను. రెండు పదాలకూ ముందున్నది 'ఉత్' అన్న ఉపసర్గమే. ఉద్యోగమన్నా ఉద్యమమన్నా మొదటి అర్థం పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వమంటే కొలువుల పర్వం కాదు, యుద్ధానికి పూనుకొన్న పర్వం. కాబట్టి నిఘంటువు దృష్టిలో ఈ రెండింటికీ వైరం లేదు. వైరం పెట్టినది మనం. సెలవు అడిగితే ఉద్యోగమని, జీతం అడిగితే ఉద్యమమని ఒకే మనిషికి రెండు పేర్లు పెట్టి, ఏ పూట ఏది లాభమో ఆ పూట ఆ పేరుతో పిలవడం న్యాయం కాదు. 'స్వచ్ఛంద' అన్న మాట కూడా అటువంటిదే. స్వ, ఛంద అన్న రెండు పదాలు కలిసి, నడుమ తకారం ఆగమమై, స్వచ్ఛంద అయింది. తన ఇష్టం చొప్పున అని అర్థం. తన ఇష్టంతో వచ్చి, తనకు వీలున్నంత చేసి, ఇష్టమైనప్పుడు వెళ్ళేవాడు స్వచ్ఛందుడు. రాత్రి పది గంటలకు హాజరు వేసుకొని, తెల్లవారి నివేదిక వ్రాసి, సెలవుకు అర్జీ పెట్టుకొనేవాడు ఏ నిఘంటువు ప్రకారమూ స్వచ్ఛందుడు కాడు. సంస్థ స్వచ్ఛందమైతే కావచ్చు, అందులోని పని స్వచ్ఛందం కాదు.

ఈ తేడాను మన సర్వోన్నత న్యాయస్థానం 1978లోనే చక్కగా గుర్తించినది. బెంగుళూరు నీటి సరఫరా సంస్థ వ్యాజ్యంలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో ముఖ్యమైన తీర్పు వ్రాసిన వి.ఆర్. కృష్ణయ్యర్ గారు ధర్మసంస్థలను మూడు తెగలుగా విభజించారు. లాభాలు గడించి వాటిని ధర్మానికి వెచ్చించేవి ఒక తెగ. లాభం లేకుండా బీదలకు సేవ చేస్తూ, ఆ సేవ కోసం మాత్రం అందరివలెనే జీతాలిచ్చి పనివారిని పెట్టుకొనేవి రెండవ తెగ. జీతం కోసం కాక ఆశయం మీది మమకారంతో వచ్చినవారే నడుపుకొనేవి మూడవ తెగ. మొదటి రెండూ పారిశ్రామిక వివాదాల చట్టం క్రిందికి వస్తాయి, మూడవది రాదు అన్నారు. ధర్మం పొందేవాడు వేరు, ధర్మం చేసే సంస్థలో కూలికి పనిచేసేవాడు వేరు. మొదటివానికి చేసే దయ రెండవవాని కూలిలోనుంచి కోయరాదు. నాకు అర్థమైనంతలో ఆ తీర్పు సారం ఇది.

2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఈ విచక్షణను తొలగించినది. పూర్తిగా గాని, అధికభాగం గాని ధర్మకార్యాలలో, సాంఘిక సేవలో ఉన్న సంస్థలు నడిపేవి 'పరిశ్రమ' అన్న నిర్వచనంలోకి రావని చెప్పినది. అదీ 2025 నవంబరు 21 నుండి అమలులో ఉన్నది. అంటే కృష్ణయ్యర్ గారు చెప్పిన రెండవ తెగలోని పనివారు కూడా, తమను అన్యాయంగా తొలగించినారని ఆ స్మృతి క్రింద మొర పెట్టుకొనే దారి మూసుకుపోయింది. దీనిని గురించి పర్యావరణ ప్రియులెవరూ పెద్దగా బాధపడినట్లు నాకు కనబడలేదు.

బడిపంతుళ్ళకు ఈ కథ కొత్తది కాదు. బోధన ఉదాత్తమైన వృత్తి గనుక ఉపాధ్యాయుడు ఆ వివాదాల చట్టం చెప్పే 'పనివాడు' కాడని 1988లో సుందరాంబాళ్ వ్యాజ్యంలో తీర్పు వచ్చినది. గ్రాట్యుటీ చట్టం నిర్వచనంలోని 'ఉద్యోగి' కూడా కాడని 2004లో మరొక తీర్పు వచ్చినది. 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుండి వర్తించేటట్లు చేసిన తరువాత గాని ఉపాధ్యాయునికి ఆ హక్కు దక్కలేదు. ప్రైవేటు పాఠశాలలు ఆ సవరణను సవాలు చేయగా, 2022లో సర్వోన్నత న్యాయస్థానం అది చెల్లుతుందని తేల్చినది. సభలో గురుర్బ్రహ్మ అని శ్లోకం చదివి, వెనుక బ్రతకలేక బడిపంతులని నవ్విన లోకం మనది. ఒక వృత్తిని పవిత్రమన్నప్పుడల్లా ఆ వృత్తిలోనివారు తమ సంచి ఒకసారి తడిమి చూసుకోవడం మంచిదని నా అనుభవం.

సంస్థల కష్టం నాకు తెలియనిది కాదు. నా విద్యార్థి పనిచేసిన చోట పెద్దలు కూడా కార్లలో తిరిగేవారు కారు. దాతలు ఏడాదికో రెండేళ్ళకో పైకం ఇస్తారు; తరువాత ఇస్తారో ఇవ్వరో తెలియదు. విదేశాల విరాళాలు పుచ్చుకొనే సంస్థలు అందులో పరిపాలన ఖర్చుకు వాడుకోగల భాగం 2010 నాటి చట్టంలో సగం వరకు ఉండేది, 2020 సవరణ దానిని నూటికి ఇరవైకి దించినది. పెద్ద సంస్థలు తాము పొందిన విదేశీ విరాళంలో కొంత పల్లెలలోని చిన్న సంస్థలకు అందించే పద్ధతిని కూడా ఆ సవరణే నిషేధించినది. ఇక దాతలకు కావలసినది కడలిలోకి ప్రాకుతున్న తాబేలుపిల్ల ఛాయాచిత్రం. భవిష్యనిధి చలానాను ఛాయాచిత్రం తీసి పంపితే మురిసిపోయే దాత ఎవరున్నారు?

తప్పులో పెద్దపాలు ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. "నేనిచ్చిన రూపాయి అంతా తాబేలుకే చేరాలి, జీతాలకు పోకూడదు" అని మనం గర్వంగా అంటాము. ఆ రూపాయి తనంతట తాను ఇసుకలో నడచి గూడు వెదకదు గదా! ఆ నడిచే కాళ్ళకు ఇచ్చినదే తాబేలుకు ఇచ్చినది.

ఈ విషయంలో మన ప్రాచీనులకు మనకంటే తెలివి ఉన్నది. ద్రాక్షారామం మొదలైన చోట్ల దేవాలయ శాసనాలలో అఖండదీపానికి చేసిన దానాలు ఎన్నో కనిపిస్తాయి. దాత ఊరికే దీపం పెట్టండని కాసులు ఇచ్చి వెళ్ళిపోలేదు. గొర్రెలను ఇచ్చాడు. వాటిని మేపి నిత్యం నెయ్యి తెచ్చి పోసే బోయను నియమించాడు. దీపం వెలగాలంటే నెయ్యి, నేతికి పాడి, పాడికి మేపేవాడు, వానికి బ్రతుకుతెరువు అన్న వరుస అంతా ఆ దానంలోనే ఇమిడి ఉన్నది. పూలమాలలు కట్టేవారికి, భేరి మోగించేవారికి మాన్యాలు ఇచ్చినదీ అందుకే. అది భక్తికి లోటని ఆ కాలంలో ఎవరూ అనుకోలేదు. దేవునికే జీతగాళ్ళు అవసరమైనప్పుడు తాబేలుకు అక్కరలేదా?

నేటి ప్రభుత్వం కూడా ఈ ఎరుకను కొంత చూపుతున్నది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు మన తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో పది వేల నుండి ఇరవై వేలకు పెంచారు. వేట ఆగినా ఆకలి ఆగదని తెలిసి చేసిన ఏర్పాటు అది. గుడ్ల ఋతువు ముగిసిన తరువాత వచ్చే ఋతువు దాకా తాబేళ్ళ కావలివాని పొయ్యి ఎట్లా వెలుగుతుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఎవరి పద్దులోనూ లేదు.

"ఇష్టపడి చేసే పనిలో తృప్తి ఉంటుంది, అదే సగం జీతం" అనే మిత్రులు ఉన్నారు. తృప్తి ఉంటుందన్నది నిజమే. నా విద్యార్థి మొదటి గూడు పగిలిన తెల్లవారుజామును వర్ణించినప్పుడు అతని ముఖంలో కనిపించిన వెలుగు నేను మరువలేదు. అయితే వైద్యునికీ, న్యాయవాదికీ, వీణ వాయించే విద్వాంసునికీ కూడా తృప్తి ఉన్నది. వారి రుసుములో సగం తగ్గించమని ఎవరూ అడగడం లేదు. తృప్తి ఒక తూకపు రాయి అయితే అందరి తక్కెడలోనూ వేయాలి.

మహనీయుల కథలను ఉదాహరణగా చూపేవారూ ఉన్నారు. సముద్రపు తాబేళ్ళను అధ్యయనం చేసిన సతీశ్ భాస్కర్ గారు 1982లో లక్షద్వీపాలలోని నిర్జనమైన సుహేలి దీవిలో వర్షాకాలమంతా, సుమారు అయిదు నెలలు, ఒంటరిగా గడిపారు. పడవలు రాని ఆ కాలంలో భార్యకు వ్రాసిన ఉత్తరాన్ని సీసాలో పెట్టి కడలిలో విసిరితే, అది శ్రీలంక తీరంలో ఒక జాలరికి దొరికి, ఆయన దానిని చిరునామాకు పంపించాడు. కావ్యంలో వ్రాసినా నమ్మని సంగతి! ఆ మహనీయునికి నమస్కరిస్తాను. కాని ఆ కథ వినిపించేవారు సాధారణంగా పసిబిడ్డతో ఇంట ఉండిపోయిన ఆ ఇల్లాలిని తలచుకోరు. అసాధారణుల త్యాగం అసాధారణమైనది కనుకనే మనం దానిని కీర్తిస్తాము. దానినే నియామక షరతుగా మార్చితే అది త్యాగం కాకుండా పోతుంది. ఇవ్వడం త్యాగం, పుచ్చుకోవడం వేరొకటి. మరొక చిక్కు కూడా ఉన్నది. జీతం లేకుండా బ్రతకగలవారే ఈ పనిలో నిలుస్తారంటే, చివరికి కలిగినవారి పిల్లలే మిగులుతారు. తీరాన పుట్టి, అలల జాడ ఎరిగిన బీద పిల్లలు రొయ్యల కర్మాగారాలకు పోతారు. అప్పుడు నష్టపోయేది కర్మాగారం కాదు.

పనివారు హక్కులు అడిగితే ఆశయం చెడిపోతుందన్న భయమూ వట్టిదే. అమెరికాలో పక్షుల సంరక్షణకు 1905 నుండి పనిచేస్తున్న నేషనల్ ఆడుబాన్ సొసైటీలో ఉద్యోగులు 2021లో వోటు వేసి కార్మిక సంఘం పెట్టుకొన్నారు. పక్షుల మీద ప్రేమ చచ్చి ఆ పని చేయలేదు. ఆ పనిలోనే ఉండిపోవాలని చేశారు.

కనుక చేయవలసినది ఏమిటి? సంస్థలు మొదట తమ మనుషులను రెండు పట్టికలుగా విడదీసి వ్రాసుకోవాలి. వీరు స్వచ్ఛందులు, వీరు ఉద్యోగులు అని. మొదటివారిని హాజరు అడగరాదు, రెండవవారికి జీతం ఎగవేయరాదు. పన్నెండు నెలల పనికి పన్నెండు నెలల ఒప్పందం వ్రాయాలి. పైకం చాలకపోతే అయిదు తీరాలను వదలి మూడు తీరాలనే చూసుకోవడం మేలు. పది మందిని అర్ధాకలితో త్రిప్పడం కంటే ఆరుగురిని కడుపునిండా నిలుపుకోవడం మేలు. దాతలు విరాళంతో పాటు ఒక ప్రశ్న కూడా పంపాలి: "మీ దగ్గర అయిదేళ్ళకు పైబడి పనిచేస్తున్నవారు ఎందరు?" ఎన్ని పిల్లలను కడలిలో వదిలారన్న అంకె కంటే ఈ అంకె ఆ సంస్థను గురించి ఎక్కువ చెబుతుంది. ఆలివ్ రిడ్లే ఆడపిల్ల పెరిగి పెద్దదై గుడ్లు పెట్టడానికి మళ్ళీ తీరానికి రావడానికి పదేళ్ళు, ఆపైన పడుతుంది. అది వచ్చేసరికి తీరాన పాత కావలివాడు ఉండేటట్లు చూడలేని సంరక్షణను సంరక్షణ అని ఎట్లా అనడం?

ఈ చదువరులలో ఏదో ఒక సంస్థకు ఏటా ఇంతో అంతో పంపేవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఈ ఏడు పంపేటప్పుడు "ఇది మీ పనివారి జీతానికి" అని ఒక్క వాక్యం వ్రాసి పంపండి. వచ్చిన జవాబు ఏమిటో వ్యాఖ్యలలో తెలియజేస్తే నలుగురమూ చదువుకుంటాము.